మెల్లగా నడవని ఇంజను

గౌలిపురాలో బాలనర్సింహ దుకాణం ముందు నుంచి పోయేవాళ్ళు ముక్కు మూసుకునేవారు. వట్టి పెట్రోలు పొగే అయితే పాతబస్తీలో ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. ఇక్కడ దానితోబాటు కాలిన ఆముదం వాసన కూడా వచ్చేది. గోడకు ఆనించి నిండా నీళ్ళున్న ఇనుప డ్రమ్ము ఒకటి ఉండేది. అందులోకి తోక దించి, తల బయట పెట్టుకుని పడవ ఇంజను ఒకటి భోరుమని అరుస్తుండేది. నీళ్ళు ఎగిరిపడి సందంతా చిత్తడి అయ్యేది. పైవాటాలో ఉండే సుందరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి లొల్లి మొదలుపెట్టేది.

"ఏమయ్యా బాలనర్సింహా, నా చీరలన్ని ఆముదం కంపు కొడుతున్నయ్. గీ గల్లీల పడవ ఎవడు నడుపుతడయ్యా?"

"జర ఆగమ్మా, అయిపోయింది," అనేవాడు బాలనర్సింహ. ఇంకో గంటదాకా అయిపోయేది కాదు.

అతను చదువుకున్నది తక్కువ. తండ్రి దగ్గర బావి మోటార్లు విప్పడం నేర్చుకున్నాడు. నయాపూల్ అవతల ఒక వర్క్‌షాపులో స్కూటర్ల పని పట్టుబడింది. పెళ్ళయ్యాక సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. పంతొమ్మిది వందల డెబ్భై దాటిన తొలి ఏళ్ళలో ఒకరోజు బాబురావు అనే కాంట్రాక్టరు మనుషుల చేత ఒక ఇంజను మోయించుకుని ఆ సందులోకి వచ్చాడు. డ్యామ్ పనుల్లో బాగా సంపాదించినవాడు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు కొందరు కలిసి ఒక బోటు క్లబ్బు పెట్టుకుని, ఏడాదికోసారి సాగర్ రిజర్వాయర్ మీద మోటారు పడవల పందెం నడిపేవాళ్ళు. వాళ్ళలో ఆయన ఒకడు. గీత దగ్గర మొదలై గీత దగ్గర ఆగే చిన్న పందెం కాదది. మూడు గంటలపాటు ఆగకుండా, నీళ్ళలో పాతిన జెండాల చుట్టూ తిరుగుతూనే ఉండాలి. ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్ళకు కప్పు. మొదటి గంటలోనే సగం ఇంజన్లు కాలిపోయి నీళ్ళ మీద నిలిచిపోయేవి.

"పిస్టన్ పట్టేస్తుందయ్యా. చూడగలవా?" అని అడిగాడు బాబురావు.

బాలనర్సింహ దాన్ని విప్పి చూశాడు. స్కూటర్ ఇంజనుకు అన్నలాంటిదే. విడిగా నూనె పోసే చోటు లేదు. పెట్రోలులో కలిపిన నూనే లోపలి భాగాలన్నిటినీ తడపాలి. నూనె తక్కువైతే పిస్టన్ అతుక్కుపోతుంది. ఎక్కువైతే ప్లగ్గు తడిసి ఇంజను చస్తుంది. మూడు గంటలు పూర్తి జోరు మీద తిరగాలంటే మామూలు నూనె నీళ్ళలా పలచబడిపోతుంది. గానుగాముదం అయితే ఆ వేడికి కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కాని అది పెట్రోలులో సరిగ్గా కలవదు, కాసేపు వదిలితే అడుక్కు దిగుతుంది. ఎంత కలపాలి, ఎప్పుడు కలపాలి అన్నది తేల్చుకోవడానికి అతనికి ఒక వానాకాలమంతా పట్టింది. నడిపి ఆపి ప్లగ్గు తీసి చూసేవాడు. చిక్కటి చాయ్ రంగులో ఉంటే మురిసిపోయేవాడు. నల్లగా ఉంటే ఆ పూట అన్నం సయించేది కాదు. భార్య లీలమ్మ విసుక్కునేది. "పిల్లకు సంబంధం చూసినట్టు చూస్తవేందయ్యా ఆ ప్లగ్గును?"

ఈ పనిలో అతనికి తోడు దొరికినవాడు షఫీఉద్దీన్. మొగల్‌పురా మనిషి, సన్నటివాడు, గాలికి కొట్టుకుపోతాడా అన్నట్టుండేవాడు. డ్యామ్ కట్టే రోజుల్లో అక్కడ కూలీల లాంచీ నడిపాడు. పని అయిపోయాక పట్నం వచ్చి ఆటో పట్టాడు. మీరాలం చెరువును ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదే మనిషి. ఇంట్లో భార్య అన్వరీ బేగం, చిన్నపిల్ల సురయ్యా. పడవ నడపడానికి మనిషి కావాలని బాబురావు అడిగితే ఎవరో అతని పేరు చెప్పారు. షఫీ ఇంజనును చెవితో కాదు, నడుముతో వినేవాడు. పడవ దిగుతూనే, "బాలన్నా, ఎడమ దిక్కు జర వణుకుతుంది," అనేవాడు. విప్పి చూస్తే నీళ్ళలో తిరిగే పంకా రెక్క ఒకటి వంగి ఉండేది.

క్లబ్బు నియమం ప్రకారం పడవను సభ్యులే నడపాలి. బాబురావుకు నడపడం వచ్చు గాని మూడు గంటలు నడుం నిలవదు. అందుకని ఒక ఉపాయం చేశాడు. పందెం మొదట్లో అతిథుల ముందు ఆయనే హెల్మెట్, మునగకుండా తేల్చే జాకెట్ తొడుక్కుని దర్జాగా బయలుదేరేవాడు. రిజర్వాయర్ మధ్యలో ఒక రాళ్ళగుట్ట ఉంది. దాని వెనక, గట్టువాళ్ళకు కనపడని చోట, పెట్రోలు నింపుకునే ఏర్పాటు. అక్కడ ఆయన దిగేవాడు, షఫీ ఎక్కేవాడు. అదే హెల్మెట్, అదే జాకెట్. ఆఖరి చుట్ల ముందు మళ్ళీ మారేవాళ్ళు. క్లబ్బులో అందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ళలో కొందరు తామూ అదే చేసేవారు. ఎవరూ నోరెత్తేవారు కాదు.

మొదటి ఏడాది వాళ్ళు గెలిచారు. మర్నాడు పేపర్లో బాబురావు కప్పు పట్టుకుని నవ్వుతున్న ఫొటో వచ్చింది. బాలనర్సింహకు ప్రాణం చివుక్కుమంది. ఇరానీ హోటల్లో కూర్చుని ఆ పేపరు షఫీ ముందు పడేశాడు.

"చూసినవా షఫీభాయ్? నీ పేరు లేదు, నా పేరు లేదు."

షఫీ చాయ్ సాసరులో పోసుకుని ఊదుతూ ఫొటో వంక చూశాడు. "అబ్బో, ఎంత పెద్దగుంది కప్పు! గంత దాంట్ల చాయ్ పోస్తే చల్లారేసరికి తెల్లారతది. ఆయన్నే ఉంచుకోనీ. ఫికర్ నక్కో కరో బాలన్నా. నాకు ఆ నీళ్ళ మీద ఉరుకుడు కావాలె, గంతే."

రెండో ఏడు పందెం ఎండలు ముదిరే ముందు పెట్టారు. సాగర్‌లో నీళ్ళు బాగా దిగిపోయాయి. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిన చెట్ల మోడులు అక్కడక్కడా నీటి మట్టం కిందికి వచ్చి ఉన్నాయి. క్లబ్బువాళ్ళు కొన్నిటి దగ్గర జెండాలు పాతారు, కొన్నిటిని చూడనే లేదు. బాలనర్సింహ రెండు ఇంజన్లు సిద్ధం చేసుకున్నాడు. ఒకటి పందెం పడవకు. రెండోది గుట్ట వెనక పెట్రోలు డబ్బాలు మోసే చిన్న పడవకు. మొదటిది చెడితే వెంటనే మార్చడానికి వీలుగా దాన్ని కూడా అచ్చం మొదటిదానిలాగే తయారుచేశాడు. పూర్తి జోరులో వేడిని తట్టుకునే ప్లగ్గు, చిక్కటి నూనె. ఆ రెండు ఇంజన్లూ బాణాల్లా పోయేవి. మెల్లగా పొమ్మంటే మాత్రం ఆ నూనె కాలక ప్లగ్గు తడిసి, దగ్గి దగ్గి ఆగిపోయేవి. పందెం ఇంజనుకు మెల్లగా పోయే పని ఏముంటుంది? ఆ సంగతి అతను దాచలేదు, ఎవరూ అడగలేదు.

గుట్ట దగ్గర ఆ రోజు నలుగురున్నారు. బాలనర్సింహ, షఫీ, దిగివచ్చిన బాబురావు, డబ్బాలు అందించడానికి కుదుర్చుకున్న గుండయ్య అనే చేపలవాడు. గుండయ్య గుండ్రటి బుట్టపడవ, పుట్టి, కూడా పక్కనే కట్టి ఉంది. షఫీ పడవ ఎక్కి జాకెట్ తగిలించుకుంటే అది అతని ఒంటి మీద గోనెసంచిలా వేలాడింది. బాబురావు కొలతకు కుట్టించిన జాకెట్ అది. తాళ్ళు బిగించి కట్టుకున్నా చంకల దగ్గర మరో మనిషి పట్టేంత చోటు ఉంది.

"ఇంకోటి తెప్పియ్యరాదు సాబ్, మనిషికి సరిపోయేది?" అన్నాడు బాలనర్సింహ.

"రంగు తేడా వస్తే గట్టు మీద పట్టేస్తరయ్యా," అన్నాడు బాబురావు.

షఫీ నవ్వాడు. "నాకు జాకెట్ ఎందుకు బాలన్నా, నేనే చేపను," అని ఇంజను తాడు లాగి వెళ్ళిపోయాడు.

రెండు గంటలు గడిచేసరికి మిగిలిన పడవలు చాలా వెనకబడ్డాయి. అయినా షఫీ గుట్ట పక్క నుంచి పోయిన ప్రతిసారీ బాబురావు తువ్వాలు తీసి ఊపుతూ, "ఇంకా! ఇంకా!" అని అరుస్తున్నాడు. పోయినేటి కన్నా చుట్లు ఎక్కువ రావాలని ఆయన పట్టుదల. షఫీ చెయ్యెత్తి, ఇంజనును ఇంకాస్త అరిపించి పోయేవాడు.

ఒకసారి అతను అట్లా పోయి మలుపు దాటగానే పడవ ముక్కు ఒక్కసారిగా గాల్లోకి లేచింది. పక్కకు తిరగబడి పడింది. ఇంజను కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. తర్వాత నీళ్ళ మీద ఏ చప్పుడూ లేదు.

బాలనర్సింహ డబ్బాలన్నీ నీళ్ళలోకి తోసేసి చిన్న పడవ తాడు లాగాడు. ఒక్క లాగుకే అందుకుంది. కన్ను మూసి తెరిచేలోగా ఆ చోటికి చేరాడు. తలకిందులైన పడవ తేలుతోంది. పక్కన మోడు కొన నీటి కింద నల్లగా కనిపిస్తోంది. మనిషి లేడు. ఇప్పుడు మెల్లగా, చుట్టూ తిరుగుతూ వెతకాలి. జోరు తగ్గించాడు. ఇంజను దగ్గింది. ఇంకాస్త తగ్గించాడు. ఆగిపోయింది. తాడు లాగాడు, రాలేదు. మళ్ళీ మళ్ళీ లాగాడు. చివరికి భోరుమని అందుకుని పడవను ఎక్కడికో దూరంగా ఎగరేసుకుపోయింది. తిప్పుకుని వెనక్కి వచ్చి జోరు తగ్గిస్తే మళ్ళీ చచ్చింది. ప్లగ్గు తడిసిపోయిందని అతని చేతులకు తెలుసు. మార్చడానికి ఇంకో ప్లగ్గు కూడా అలాంటిదే. "షఫీభాయ్! షఫీభాయ్!" అని అరుస్తూ అరచేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయాడు. తెడ్డు కూడా ఆ పడవలో పెట్టుకోలేదు.

గుండయ్య పుట్టి తోసుకుంటూ అతని కన్నా ముందే వచ్చి, తేలుతున్న జాకెట్‌ను పట్టుకున్నాడు. తాళ్ళు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. లోపల మనిషి లేడు. మర్నాడు పొద్దున వలలకు దొరికాడు, తల పక్కన పెద్ద గాయంతో.

పందెం రోజు సాయంత్రం, షఫీ ఇంకా దొరకకముందే, గుట్ట మీద బాబురావు రాయి మీద కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఉత్తుత్తి ఏడుపు కాదది. కాని కాసేపటికి మొహం తుడుచుకుని బాలనర్సింహను పక్కకు పిలిచాడు.

"చూడు, నేనిప్పుడు చెప్పేది షఫీ ఇంటి కోసమే. పడవ నేనే నడిపిన. మోడుకు తగిలి పడ్డ, ఈదుకుంట వచ్చిన. షఫీ సంగతి వేరు. గుట్ట వెనక స్నానానికి దిగి మునిగిండు. గిట్ల చెప్తే ఎవ్వలకు లొల్లి లేదు. ఆడపిల్లల స్కూలు ఒకటి మనోళ్ళదే ఉంది. అన్వరీని అందుల ఆయాగ పెట్టిస్త. జీవితాంతం బతుకుతది. లేదంటే ఆమెకు దక్కేదేంది?"

"స్నానానికి దిగి మునిగిండా?" అన్నాడు బాలనర్సింహ.

"గంతే అనాలె."

మీరాలం చెరువును ఈదే మనిషి స్నానానికి దిగి మునిగాడట. మర్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని అడుగుతుంటే బాలనర్సింహ గొంతు దానంతట అదే నిజం చెప్పేసింది. పడవ నడిపింది షఫీ. ప్రతి ఏడూ గిట్లనే మారుతారు. జాకెట్ సారుది. జోరుగ పొమ్మన్నది సారే. నా ఇంజను మెల్లగ నడవక నేను వెతకలేకపోయిన. ఆఖరి మాట చెప్పేటప్పుడు అతనికి ఏడుపు ఆగలేదు. ఇన్‌స్పెక్టరు నీళ్ళు తాగమన్నాడు.

నిజం చెప్తే ఏమవుతుందో అతను అనుకున్నది వేరు. అయింది వేరు. బాబురావు ఒక రోజంతా ఆలోచించి మాట మార్చాడు. అవును, షఫీయే నడిపాడు, కాని నాకు తెలియకుండా. నేను గుట్ట వెనక అలసిపోయి పడుకుంటే పడవ ఎత్తుకుని పోయాడు, సరదాకు. క్లబ్బు పెద్దలంతా వరుసగా వచ్చి అదే మాట చెప్పారు. మా క్లబ్బులో సభ్యులు తప్ప ఎవరూ నడపరు, నియమం అంటే నియమమే అన్నారు. గుండయ్యను అడిగితే, నేను డబ్బాలు సర్దుకుంటున్న, ఏం చూడలే అన్నాడు. తర్వాత బాలనర్సింహ సాగర్ దాకా పోయి అతన్ని గుడిసె దగ్గర పట్టుకున్నాడు.

"చూసినవు గదన్నా. నీ చేతులతోనే డబ్బ అందిచ్చినవు షఫీభాయ్‌కు."

గుండయ్య వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. "ఈ నీళ్ళల్ల చేపలు పట్టాలంటే వాళ్ళ దయ ఉండాలె తమ్మీ. నీకు పట్నంల దుకాణముంది. నాకేముంది?"

చివరికి తేలింది ఏమిటంటే, షఫీఉద్దీన్ అనేవాడు యజమాని అనుమతి లేకుండా పడవ తీసుకుపోయి, తన అజాగ్రత్త వల్ల చనిపోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు బాలనర్సింహ లీలమ్మను తీసుకుని మొగల్‌పురా వెళ్ళాడు. ఆడవాళ్ళు లోపల ఉన్నారు. అతను వాకిట్లో మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. కొందరు జరిగి చోటిచ్చారు, కొందరు చూడనట్టు ఉన్నారు. అంతా అయ్యాక అన్వరీ తలుపు చాటుకు వచ్చి నిలబడింది. పరదా వెనక నుంచి గొంతు మాత్రమే వినిపించింది.

"భాయ్, ఒక్క మాట అడుగుతా. అందరికన్నా ముందున్నడని అంటరు. ముందున్నోడికి అంత జోరు ఎందుకు? మెల్లగ వస్తే ఏమయితుండె?"

బాలనర్సింహ తల దించుకున్నాడు. "ఆ ఇంజను మెల్లగ నడవది భాబీ. నేనే గట్ల చేసిన."

ఆమె గొంతు మారిపోయింది.

"నహా రహాథా, డూబ్ గయా, స్నానానికి దిగి మునిగిండు అంటే ఏం పోతుండె మీది? నౌకరీ ఇస్తనన్నడు ఆయన. పిల్లను ఆ స్కూల్లనే చదివిస్తనన్నడు. మనిషి పోయిండు, పోయిండు. ఇప్పుడు గల్లీల ఏమంటున్నరో ఎరుకేనా? చోర్ అంటున్నరు. పడవ దొంగతనం చేసిండంట. మునిగిపోయిన మొగడు నాకు చాలుతుండె భాయ్. దొంగ మొగడు ఎందుకు తెచ్చిచ్చినవ్?"

"నిజం చెప్పిన భాబీ..."

"ఆ నిజం పొయ్యి మీద పెడితే రొట్టె అయితదా? పో. మళ్ళ రాకు."

లీలమ్మ లోపలి నుంచి వచ్చేసరికి అతను అప్పటికే సందు చివర ఉన్నాడు.

అన్వరీ చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే కార్ఖానాకు పోయింది. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని కాగిన లక్కను వేళ్ళతో ఒత్తి గాజుగా చుట్టే పని అది. ఏడాది తిరిగేసరికి వేళ్ళ కొసలు కాయలు కాసి రంగు మారిపోయాయి. లీలమ్మ బోనాలకు, పెళ్ళిళ్ళకు గాజులు అక్కడే వేసుకునేది. వేయించుకునేటప్పుడు అన్వరీ ఆమెతో బాగానే మాట్లాడేది. బాలనర్సింహ పేరు ఎత్తితే మాత్రం గాజులకు వచ్చిన పక్క మనిషి చెయ్యి అందుకునేది. అతను లీలమ్మ చేత బియ్యమో, పిల్లకు బట్టలో పంపితే తిరిగి వచ్చేవి.

క్లబ్బు ఆ పందెం మానేసింది. ఇంజన్ల పని మళ్ళీ గౌలిపురాకు రాలేదు. అతనే డ్రమ్ము బోర్లించి దాని మీద పనిముట్లు పెట్టుకున్నాడు. సుందరమ్మ చీరలు ఆరేసుకుంటూ, "ఇప్పుడు మంచిగుందయ్యా గల్లీ," అంటే తల ఊపాడు. బావి మోటార్లు, స్కూటర్లు మిగిలాయి. స్కూటర్ తెచ్చినవాళ్ళు మైలేజి రావాలి, నూనె తగ్గించమనేవారు. అతను కోపంగా, తగ్గించను, కావాలంటే వేరే చోటికి పొమ్మనేవాడు. చాలామంది పోయారు. బాబురావు ఇంకా పెద్దవాడయ్యాడు. ఒకసారి ఏదో సభలో మాట్లాడుతూ కనిపించాడని లీలమ్మ చెప్పింది. బాలనర్సింహ ఆ దారిన పోవడం మానుకున్నాడు.

పంతొమ్మిది వందల ఎనభై దాటి నాలుగైదేళ్ళయ్యాక ఒకరోజు మధ్యాహ్నం, చేతిలో కాలేజీ పుస్తకాలు పట్టుకుని, తల మీద దుపట్టా వేసుకున్న అమ్మాయి దుకాణం ముందు నిలబడింది. సన్నటి మొహం. ఎవరో చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది.

"నేను సురయ్యాను చాచా. క్లాసుల ఒకామె నాతోని కొట్లాడి, మీ నాయన దొంగంట గదా అన్నది. అమ్మీని అడిగితే చెప్పది. మీరు అక్కడున్నరంట. చెప్పుండ్రి."

బాలనర్సింహ స్టూలు తుడిచి వేశాడు. అంతా చెప్పాడు. జాకెట్ సంగతి, తువ్వాలు ఊపిన సంగతి, తన ఇంజను సంగతి. మీ నాయన ఎట్లా నడిపేవాడో చెప్పాడు, పెద్ద కప్పులో చాయ్ గురించి ఏమన్నాడో చెప్పాడు. ఆ మాటకు ఆమె నవ్వింది, వెంటనే ఏడ్చింది.

"ఇంతమంది ఉండంగ మీరు తప్ప ఎవ్వలు చెప్పలేదా చాచా?"

"చెప్పలేదు బిడ్డా."

"అయితే ఇప్పుడు చెప్పిద్దాం. కేసు మళ్ళ పెట్టరా?"

"ఇప్పుడెవరు వింటరు?"

ఆమె పుస్తకాలు గుండెకు హత్తుకుని, అమ్మీకి చెప్పకుండ్రి అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత బాలనర్సింహ కడుపునిండా తిన్నాడని లీలమ్మ అనుకుంది. ఒక్కరైనా తెలుసుకున్నారు గదా అన్న తృప్తి అతనిది.

పదిరోజులు తిరగకముందే అన్వరీ వచ్చింది. పదేళ్ళకు పైన అయింది ఆమె అతనితో మాట్లాడి. బురఖా మొహం మీది నుంచి తీసింది. జుట్టు తెల్లబడింది. దుకాణం మెట్టు ఎక్కలేదు.

"నా పిల్లకు గూడ చెప్పినవా భాయ్?"

"అడిగింది భాబీ. అబద్ధం ఎట్ల చెప్త?"

"కాలేజీకి పోతలేదు. ఆ బాబురావు ఇంటి ముందుకు పోయి నిలబడ్డదట. వాళ్ళ వాచ్‌మన్ నూకేసిండు. మోచెయ్యి కొట్టుకపోయింది. రోజూ ఏడుస్తది. తింటలేదు. ఇన్నేండ్లు వేళ్ళు కాల్చుకుని చదివిచ్చిన దాన్ని, ఆ మాట మర్చిపోవాలని." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మొదటిసారి నా నౌకరీ పోయింది. ఇప్పుడు నా ఇంట్ల నిద్ర పోయింది. నువ్వు మంచోనివే, నాకెరుకే. షఫీ గూడ అంటుండె. కని నీ మంచితనంతోని మాకు ఇంకేం పని లేదు. దాన్ని మళ్ళ రానియ్యకు."

అతను మెట్టు దిగబోయాడు. ఆమె మొహం కప్పుకుని జనంలో కలిసిపోయింది.

బావి మోటారు తెచ్చిన మనిషి ఒకతను ఇదంతా చూస్తూ పక్కన నిలబడి ఉన్నాడు. "ఎవరన్నా ఆమె?" అని అడిగాడు.

"దోస్తు భార్య," అన్నాడు బాలనర్సింహ. మోటారును తనవైపు లాక్కుని పైమూత విప్పడం మొదలుపెట్టాడు. స్క్రూ జారి కిందపడింది. వంగి వెతికాడు. కళ్ళకు ఏమీ ఆనడం లేదు. ఆ మనిషే వంగి తీసి చేతికిచ్చాడు.